నేల మాత్రం వాళ్లదే

వేసవి సెలవులు దగ్గర పడేసరికి టూర్ల ప్రకటనల్లో రెండు బొమ్మలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మంచు కప్పిన స్విస్ కొండ, రెండోది నీళ్ల మధ్య నిలిచిన వెనిస్ నగరం. మన సినిమా పాటలు ఏళ్ల తరబడి ఆ కొండల్లోనే తీశారు కాబట్టి శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో మారుమూల పల్లెలో ఉన్నవాళ్లకు కూడా ఆ పచ్చిక బయళ్లు కొత్తవేమీ కావు. కొన్నాళ్లు కొండ మీద, కొన్నాళ్లు నీటి ఒడ్డున ఉన్న పాత నగరంలో గడపాలన్న కోరిక కూడా ఇవాళ పుట్టింది కాదు. కళింగను ఏలిన తూర్పు గాంగ రాజులు వెయ్యేళ్ల పైచిలుకు కిందట వేయించిన రాగిరేకుల్లో, దానం సంగతికి రాకముందే, ఈ రెంటినీ కలిపి చెప్పుకునేవారు. తమ కళింగనగరం అమరావతికి సాటి అని, అన్ని రుతువుల్లోనూ హాయిగా ఉంటుందని ముందు పొగుడుకుని, మహేంద్రగిరి శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి పాదాలకు మొక్కి తరించామని ఆ తర్వాత రాయించేవారు. ఆ నగరమే వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగం. ఆ కొండ, కంచిలిలో నిలబడి పడమరకు చూస్తే కనిపించే కొండల వరుసలో అన్నిటికంటే ఎత్తుగా లేచి ఉన్నది, 1,501 మీటర్లది. మధ్యలో ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు వచ్చి కొండ ఒడిశాకు, నగరం ఆంధ్రకు పోయాయి గానీ, కొండనూ నీటి ఊరినీ జంటగా చూసే చూపు మాత్రం ఈ నేలకు పాతదే.

కాబట్టి ఇంత దగ్గర్లో ఇన్ని ఉండగా అంత దూరం ఎందుకని అడగబోవడం లేదు. దూరం వెళ్లేవాళ్లు వెళ్లాలి, లోకం చూడాలి. నేను చెప్పదలచుకున్నది వేరు. కొండకైనా నీటి ఊరికైనా ఆ అందం అక్కడ బతికేవాళ్ల పని వల్ల వచ్చింది. వాళ్లు అక్కడ బతకగలిగినన్నాళ్లే అది నిలుస్తుంది. అందుకని విహారానికి వచ్చినవాళ్లు ఎంతైనా చూడొచ్చు, ఎంతైనా సంతోషించొచ్చు. అక్కడి నేల, నీరు, ఇల్లు మాత్రం ఊరివాళ్ల చేతిలోంచి జారిపోకూడదు. శ్రీకాకుళం తీరానికి పర్యాటకం తేవాలని అందరూ అంటున్న ఈ రోజుల్లో ఈ మాట ముందే గట్టిగా అనుకోవడం అవసరం.

ముందు ఆ స్విస్ పచ్చికనే తీసుకుందాం. ఫొటోలో చూసినవాళ్లు అది ప్రకృతి ఇచ్చిందే అనుకుంటారు. చెట్లు పెరగగలిగే ఎత్తులో ఉన్న ఆల్ప్స్ పచ్చిక చాలావరకు మనుషులు చేసిందే. వందల ఏళ్లుగా రైతులు వేసవిలో ఆవులను పైకి తోలారు, నిలబడటమే కష్టమైన వాలుల్లో గడ్డి కోసి చలికాలానికి దాచుకున్నారు. మేత, కోత ఆగిపోయిన చోట కొన్నేళ్లలోనే పొదలు లేస్తాయి, వాటి వెనక అడవి కమ్ముకొస్తుంది. అక్కడి ప్రభుత్వానికి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే ఆ వాలుల్లో గడ్డి కోసే రైతులకు నేరుగా డబ్బు చెల్లిస్తుంది. అదే దేశంలో ఇంకో కథ కూడా నడిచింది. బయటివాళ్లు సెలవుల కోసమని కొండ ఊళ్లలో ఇళ్లు కొనుక్కుంటూ పోయారు. ఏడాదిలో చాలా నెలలు కిటికీలు మూసి ఉండే వీధులు తయారయ్యాయి, ఆ ఊళ్లోనే పుట్టినవాళ్లు అక్కడ ఇల్లు కొనుక్కోలేని ధరలు వచ్చాయి. చివరికి 2012 మార్చిలో దేశమంతా ఓటు వేసి, ఏ ఊళ్లోనూ ఇలాంటి రెండో ఇళ్లు 20 శాతం మించకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ ప్రతిపాదన నెగ్గింది చాలా స్వల్ప తేడాతో. కొండ ప్రాంతాలవాళ్లే ఎక్కువగా వ్యతిరేకించారు, కట్టుబడి పనులు పోతాయన్న భయంతో. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఉద్దానం పచ్చదనం కూడా ఇలాంటిదే. కంచిలి నుంచి కవిటి వైపు దారికి రెండు పక్కలా కొబ్బరి, వాటి మధ్య పనస, జీడిమామిడి, అక్కడక్కడా మునగ, అరటి. ఎండ నేలను తాకని తోటలు. బయటినుంచి వచ్చినవాళ్లు దీన్ని మరో కోనసీమ అని మెచ్చుకుంటారు. కోనసీమకు గోదావరి కాలువలున్నాయి. ఇక్కడ ఉన్నది సముద్రపు ఇసుకనేల, వానా, బావీ. ఒక్కో మొక్కకూ కుండతో నీళ్లు మోసిన తరాల వల్ల ఈ తోటలు లేచాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటినప్పుడు ఒక్క పూటలో ఆ తోటలు పడిపోయాయి. మొదలంటా విరిగిన చెట్లు, వేళ్లతో సహా పైకి లేచిన జీడిచెట్లు దారులకు అడ్డంగా నెలల తరబడి ఉన్నాయి. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఇవాళ ఆ దారిలో కారు ఆపి ఫొటో తీసుకునేవాళ్లు చూస్తున్న పచ్చదనంలో సగం, ఇల్లు గడవని రోజుల్లో కూడా గొయ్యి తీసి మళ్లీ మొక్క పెట్టినవాళ్ల ఓపిక. వాళ్లు ఆ తోట అమ్ముకుని పలాసకో విశాఖకో వెళ్లిపోయి ఉంటే అక్కడ ఇసుక మిగిలేది.

వెనిస్ సంగతి ఇంకా లోతైనది. ఆ నగరం ఉప్పునీళ్లలో ఉంది, తాగడానికి చుక్క లేదు. అందుకని ప్రతి కూడలి కింద గొయ్యి తవ్వి, బంకమట్టితో చుట్టూ కట్టి, ఇసుక నింపి, రాతి పలకల సందుల్లోంచి వాననీరు దిగి వడకట్టుకుని నడిమి బావిలోకి చేరేలా చేసుకున్నారు. నేల మీదినుంచి గొట్టాల్లో మంచినీళ్లు వచ్చింది 1884లో. అంతవరకూ ఆ జనమంతా ప్రధానంగా వాననీటి మీదే బతికారు. చుట్టూ ఉన్న కయ్య పూడిపోకుండా బ్రెంటా, పియావే లాంటి నదుల దారినే మళ్లించారు, కాలువల్లో బురద తీస్తూ వచ్చారు, నీటి వ్యవహారాలకు ప్రత్యేకంగా అధికారులను పెట్టుకున్నారు. ఈ పని శతాబ్దాలపాటు ఆగలేదు. 1951లో ఆ పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటే కిందికి పడింది. మరుసటి ఏడాదికి పర్యాటకుల కోసం వేసిన పడకల సంఖ్య ఊళ్లో ఉన్న మనుషుల సంఖ్యను దాటింది. 2021లో పెద్ద ఓడలను నగరం నడిమి కాలువలోకి రానీయకుండా ఆపారు. 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో, పగలు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్ల దగ్గర 5 యూరోల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. ఊరిలోకి రావడానికి టికెట్టు పెట్టాల్సి వచ్చిందంటే ఆ ఊరు ఎవరిదో తేల్చుకోవాల్సిన స్థితి వచ్చిందన్నమాట. వెనిస్ ఖాళీ కావడానికి పర్యాటకులొక్కరే కారణమని చెప్తే అన్యాయం. 1966 నవంబర్ వరదకు కింది అంతస్తులు పాడయ్యాయి, పనులన్నీ నేల మీద ఉన్న మెస్త్రే, మర్గేరా వైపు ఉన్నాయి, అక్కడ ఇళ్లు చవక. జనం వెళ్లడం పర్యాటకం ఇంత పెరగకముందే మొదలైంది. అయితే వెళ్లినవాళ్లకు తిరిగొచ్చే దారి మూసింది మాత్రం పర్యాటకమే. ఒక కుటుంబం ఊళ్లో ఉండి ఇచ్చే అద్దె కంటే, వచ్చిపోయే సందర్శకులు ఎక్కువ ఇచ్చిపోతారు. ఆ లెక్క ముందు ఇంటి యజమాని ఎంత మంచివాడైనా ఎన్నాళ్లని నిలబడతాడు?

ఇప్పుడు ముఖలింగం వైపు చూడండి. ఇక్కడ జరిగింది సరిగ్గా తిరగబడి ఉంది. గాంగుల్లో గొప్పవాడైన అనంతవర్మ చోడగంగ దేవుడి కాలంలో, 12వ శతాబ్దంలో, రాజధాని మహానది ఒడ్డున ఉన్న కటకానికి తరలిపోయింది. రాజు వెళ్లాడు, కొలువు వెళ్లింది, కోట గోడలు మట్టిలో కలిశాయి. అమరావతికి సాటి అనిపించుకున్న నగరం ఒక పల్లెగా మిగిలింది. కానీ మధుకేశ్వరుడి గుడి, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు నిలిచాయి. మధుకేశ్వరాలయం గోడల మీద చెక్కిన లతలు, ద్వారబంధాల మీద అంగుళం ఖాళీ వదలకుండా తీర్చిన బొమ్మలు దగ్గరికెళ్లి చూస్తే ఆ రాయి మీద చెయ్యి పెట్టడానికి కూడా మనసొప్పదు. ఆ గుడికి రాజులు పోయాక దిక్కైనది చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు. దీపం పెట్టారు, పూజ ఆపలేదు, శివరాత్రి వెళ్లాక వంశధారలో చక్రతీర్థ స్నానాలకు ఇటు శ్రీకాకుళం పల్లెలనుంచి, అటు ఒడిశానుంచి జనం రావడం ఆగలేదు. స్థలపురాణం కూడా కొండవాళ్లదే: సవర నాయకుడి ఇద్దరు భార్యల తగువులో నరికిన ఇప్పచెట్టులోంచి శివుడు ముఖం చూపించాడని చెప్తారు. రాజుల గుడి కథలో రాజు లేడు, సవరలున్నారు. వెనిస్‌లో కట్టడాలు నిలిచి మనుషులు పోతున్నారు; ముఖలింగంలో నగరం పోయి మనుషులు నిలిచారు. ఈ రెంటిలో ఏ ఊరు బతికి ఉన్నట్టు అని అడిగితే నేను ముఖలింగం పేరే చెప్తాను. అక్కడ చూడ్డానికి వెళ్లినవాళ్లకు ఈ గుడి ఎందుకు కట్టారో చెప్పే మనిషి ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు.

బయటినుంచి వచ్చినవాళ్లు ఎలా ఉండాలన్న దానికి మన పాత సాహిత్యంలోనే ఒక ఆనవాలు ఉంది, అదీ ఈ మహేంద్రగిరి మీదే. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దండయాత్రలో కళింగం వస్తాడు. కళింగరాజు ఏనుగులతో ఎదురొడ్డి ఓడిపోతాడు. గెలిచిన సైనికులు కొండ మీద తమలపాకులు పరుచుకుని కొబ్బరి కల్లు తాగుతారు. అంటే ఈ తీరం కొబ్బరి అప్పటికే కవుల దాకా వెళ్లింది. ఆ తర్వాత కవి చెప్పిన సంగతి నాకు మరీ ముఖ్యం. ధర్మంగా గెలిచే రాజు కాబట్టి రఘువు, పట్టుకున్న కళింగరాజును విడిచిపెట్టి, అతని సిరి తీసుకున్నాడు గానీ నేల తీసుకోలేదట. కత్తితో వచ్చినవాడు కూడా పాటించాల్సిన హద్దు అది అని కవి ఉద్దేశం. కెమెరాతో వచ్చినవాళ్లకు అంతకంటే పెద్ద మినహాయింపు ఎందుకుండాలి? కొండ గాలి, సూర్యోదయం, గుడి శిల్పం, అక్కడి వంట రుచి, ఇవన్నీ ఎంత తీసుకున్నా తరగని సిరి. ఎకరాల లెక్కన ప్రహరీ కట్టి, లోపల రిసార్టు పెట్టి, నిన్నటిదాకా ఆ దారిన మేకలను తోలుకెళ్లినవాళ్లను గేటు బయట నిలబెట్టడం మాత్రం నేలను తీసుకోవడమే.

కొండనూ నీటి ఊరినీ రెంటినీ నిజంగా చూసిన మనిషి ఎవరని వెతికితే మన దగ్గర గిడుగు వెంకట రామమూర్తి కనిపిస్తారు. 1863లో ముఖలింగం దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు తనంత తాను చదవడం నేర్చుకున్నారు. గాంగుల కళింగనగరం ఇదేనని వాదించి నిలబెట్టారు. వంశధార పక్కన గుట్ట మీద ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. కొండల్లోకి వెళ్లి, సవరల మాట నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించారు. ఆ మన్యపు జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి పోయింది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆ పోరాటం వెనక ఉన్న మనసు ఈ కొండల్లోనే తయారైందని నా నమ్మకం: ఎదుటివాళ్లు మాట్లాడేదే భాష అని ఒప్పుకున్నాకే వాళ్ల ఊరు మనకు కనిపిస్తుంది.

రెండు రోజుల సెలవు పెట్టి పిల్లలతో బయలుదేరినవాళ్లను గిడుగు రామమూర్తిలా ఉండమంటే ఎలా అని అడగొచ్చు. అలా ఉండమని నేనూ అనను. అలసిపోయి ఊరికే కొండగాలి పీల్చి రావాలనుకోవడం తప్పేమీ కాదు. ఏడాదంతా ఆఫీసు కుర్చీలోనో జీడి ఫ్యాక్టరీలోనో వంగి పనిచేసిన నడుముకు విశ్రాంతి కావాలి. అతిథులు పండితులు కానక్కర్లేదు. తమ రాక వల్ల ఇంటివాళ్లు బయట పడుకోవలసి రాకుండా చూసుకుంటే చాలు. దానికి చదువు అక్కర్లేదు, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో వాలే పక్షులను చూసినా తెలుస్తుంది. సెప్టెంబర్ వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరికి వచ్చి ఇళ్ల మధ్యనున్న చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, మార్చికల్లా ఎగిరిపోతాయి. అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు గానీ, గూడబాతు పుట్టిపెరిగేది మన దేశంలోనూ, దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోని మరికొన్ని దేశాల్లోనూ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు ఆ ఊరివాళ్లు వాటిని. చెట్టు కింద రెట్ట వాసన భరిస్తారు, ఎవరూ రాయి విసరరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరితో వచ్చే కొంగలైతే వరిచేలల్లో నత్తలను ఏరి తిని రైతుకు మేలు కూడా చేస్తాయి. వచ్చినవాళ్లు ఊరికి ఏదో ఇస్తున్నారు, ఊరు వాళ్లకు చోటిస్తోంది, ఎవరి చెట్టూ ఎవరూ లాక్కోలేదు.

ఆ పక్షులకు తిండి పెట్టే చిత్తడి నేలలు, అంటే తంపర భూములు, బీలలు ఎలా మిగిలాయో కూడా చెప్పుకోవాలి. సోంపేట బీల చూడ్డానికి నీళ్లు, తుంగ, తెల్లకొంగలు, పొద్దుట పొగమంచు. మంచి ఫొటోకు కావలసినవన్నీ ఉన్నాయి. చుట్టుపక్కల పొలాలకు నీరు, బెస్తలకు చేప, పశువులకు మేత అక్కడిదే. కాగితాల మీద దాన్ని పనికిరాని నేలగా రాసి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించినప్పుడు, దాన్ని కాపాడింది అందాన్ని ప్రేమించే సందర్శకులు కాదు. రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్లు నెలల తరబడి దీక్షలు చేశారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర కోసం మళ్లీ అలాగే ప్రాణాలు పోయాయి. రేపు బీలలో పడవ షికారు పెడితే టికెట్టు కొనే ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలియాలి. బీల మీద బతికేవాళ్లు లేకపోతే దాని కోసం చచ్చేవాళ్లు కూడా ఉండరు.

దీనికి ఎదురుగా గట్టి వాదన ఒకటి ఉంది, తేలిగ్గా తీసేయగలిగింది కాదు. ఉద్దానం కుర్రాళ్లు ఊళ్లో ఉండరు. కంచిలిలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు సోంపేట. ఆ ప్లాట్‌ఫాం మీద ఏ రోజు చూసినా చెన్నైకో, ముంబైకో, గల్ఫ్ విమానం ఎక్కడానికో పెట్టెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఉంటారు. వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లిన మన జిల్లా మత్స్యకారులు 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్నారు. ఈ పరిస్థితిలో ఒక హోటల్, ఒక బీచ్ రిసార్టు వస్తే పదిమందికి ఊళ్లోనే పని దొరుకుతుంది, పెట్టుబడి పెట్టేవాళ్లకు నేల ఇవ్వకుండా రమ్మంటే ఎవరొస్తారు అంటారు. పని రావాలన్న మాటకు నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. స్విస్ కొండ ఊళ్లవాళ్లు ఓటేసినప్పుడు పడ్డ భయం ఇదే. కానీ ఏ రకం పని అని చూడాలి. నేల అమ్ముకున్నవాళ్లకు ఆ నేల మీద వచ్చేది వాచ్‌మన్ ఉద్యోగం. నేల ఉంచుకున్నవాళ్లకు వచ్చేది వ్యాపారం. అరకు దీనికి సాక్ష్యం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారకూడదన్న 1/70 చట్టం అక్కడ ఉంది. బొర్రా ప్రాంతంలో ఇచ్చిన గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడితే, 1997 జులైలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఇంకా బిగించి చెప్పింది, ప్రైవేటు కంపెనీలకు లీజు కూడా చెల్లదంది. అంత కట్టడి ఉన్నా అరకుకు పర్యాటకం రాలేదా? విశాఖ నుంచి వారాంతాల్లో రైలూ రోడ్డూ నిండిపోతున్నాయి. చిన్న చిన్న కమతాల్లో గిరిజన రైతులు పండించిన కాఫీ 2017లో ప్యారిస్‌లో దుకాణం దాకా వెళ్లింది. చట్టానికి కన్నంపెట్టి బినామీ పేర్లతో కట్టిన లాడ్జీలు లేవని కాదు. అయినా ఆ చట్టమే లేకపోతే ఈపాటికి ఆ కాఫీ తోటల స్థానంలో ఏముండేదో ఊహించడానికి కష్టపడక్కర్లేదు. సీతంపేట కొండల్లో అడలి వ్యూపాయింటుకు ఇప్పుడు జనం ఎక్కుతున్నారు. ఆ దారిలో సవర ఆడవాళ్లు అమ్మే అనాసపండ్లు, కొండచీపుర్లు, పసుపు మీద వచ్చే రూపాయి పూర్తిగా వాళ్లది.

తీరంలో ఇలాంటి చట్టం లేదు, అదే నా బెంగ. బెస్తవాళ్లకు ఇసుక మీద పట్టా ఉండదు. పడవ లాగి నిలిపే చోటు, వల ఆరేసే చోటు, నెత్తళ్లు ఎండబెట్టే చోటు, ఇవన్నీ తాతల నాటినుంచి వాడకంలో ఉన్నవే గానీ ఏ రికార్డులోనూ వాళ్ల పేర్లుండవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. సరిగ్గా మన సెలవుల రోజులు అవే. అప్పుడు బారువ ఒడ్డుకు వచ్చినవాళ్లకు వరసగా ఊరికే పడి ఉన్న పడవలు కనిపిస్తాయి, ఈ జాగా ఖాళీయే కదా అనిపిస్తుంది. చేపల వాసన ఎందుకు, ఆ పడవలను కాస్త అవతలికి జరిపిస్తే బీచ్ అందంగా ఉంటుంది కదా అన్న సలహా అక్కడే మొదలవుతుంది. వానాకాలం మొదలయ్యేసరికి సందర్శకులు ఉండరు, ఆ జాగా కావలసినవాళ్లకు అది ఉండదు.

భక్తులు మాత్రం పాడు చేయడం లేదా అని ఇంకొకరు అడగొచ్చు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే వేలమంది వదిలివచ్చే ప్లాస్టిక్ తక్కువేమీ కాదు, దాన్ని సమర్థించను. కానీ ఆ రాత్రి గడిచాక కొండ మళ్లీ కొండవాళ్లకు దక్కుతుంది. ఎవరూ అక్కడ గది కట్టుకుని మిగలరు. చెత్తను ఏరొచ్చు, అమ్ముడుపోయిన వాలును వెనక్కి తేలేం.

నీళ్ల సంగతి ఆఖరుకు ఉంచాను, ఉద్దానంలో అన్నిటికంటే బరువైనది అదే కాబట్టి. ఈ తోటల నీడలో ఇంటింటా కిడ్నీ రోగులున్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలని ఆ జబ్బు వల్ల ఎందరో కూలి మానుకుని డయాలసిస్ మంచానికి చేరారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు, 700 కోట్లతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకం కూడా మొదలైంది. ఒకప్పుడు కళింగనగరం పక్కన పారిన నీరే ఇప్పుడు కంచిలి, కవిటి ఇళ్లకు మందులా అవసరమైంది. ఆ జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లున్నారు, వాళ్ల త్యాగం మీద వచ్చిన నీళ్లవి. అలాంటి చోట ఒక రిసార్టు తన ఈతకొలనుకు బోరు వేసుకుంటే దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు. వెనిస్‌వాళ్లు ఉప్పునీటి నడుమ వాననీటిని పట్టుకున్న తీరులో, ఇక్కడ కట్టే ప్రతి అతిథి గృహం తన వాననీటిని తాను పట్టుకోవాలి, పంచాయతీ కుళాయి మీద చెయ్యి వేయకూడదు. ఇది అనుమతి ఇచ్చేటప్పుడే రాయించుకోవలసిన షరతు.

సెలవులకు బయలుదేరే మీకు ఒక మనవి. స్విట్జర్లాండ్ వెళ్లగలిగితే వెళ్లండి, ముఖలింగం, మహేంద్రగిరి, తేలినీలాపురం కూడా తప్పకుండా చూడండి. ఎక్కడికెళ్లినా ఊరివాళ్ల ఇంట్లోనో, ఊరివాళ్లు నడిపే చోటో బస చేయండి, వాళ్లు వండింది తినండి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. సర్పంచులకు, తీరంలో పర్యాటకం గురించి ప్రణాళికలు రాసే అధికారులకు మనవి ఇంకాస్త గట్టిది. ముందు బారువ ఇసుకలో పడవలు నిలిపే జాగా మీద ఆ పడవలవాళ్లకు హక్కు రాసివ్వండి. రిసార్టు మాట ఆ తర్వాతే, అదీ గ్రామసభలో బెస్తవాళ్లు, తోటల రైతులు కూర్చుని ఉండగానే ఎత్తండి.